చల్లటి చెమట

భద్రమ్మ కోడి కూయకముందే మొగుని సంచి సర్దడానికి కూర్చుంది. తూర్పు తెల్లబడినా ఆ సర్దుడు తెమల్లేదు.

ఏటేటా చేసే పనే. ఉగాది దాటిన రెండో ఆదివారం గొర్ల మంద కృష్ణ ఒడ్డు దిక్కు మేతకు కదులుతుంది. తొలకరి పడి, ఇక్కడి గుట్టల మీద పచ్చిక మొలిచేదాకా మందతో పోయిన మగవాళ్లు ఇంటి ముఖం చూడరు. అన్నదమ్ములు పెద్దులు, ఐలేశం, ఇద్దరివీ కలిపి మూడు వందల గొర్లు. ఐలేశం పెండ్లాం భద్రమ్మ. ముప్పై ఏండ్లుగా ఆమె చేతుల మీద నిండుతున్న సంచి అది. కండ్లు మూసుకుని సర్దగలదు. ఎండు రొట్టెలు, కారం, చింతకాయ తొక్కు, ఉప్పు మూట, గొంగడి కుట్టుకునే దబ్బనం, దారపుండ. ఆవేళ మాత్రం పెట్టింది తీస్తూ, తీసింది పెడుతూ, నడుమ నడుమ గోడకు ఒరిగి ఊరికే కూర్చుంటూ ఉంది.

పక్కింటి రామమ్మ వేయించిన పల్లీలు కొంగున కట్టుకుని వచ్చి, గడపలోనే ఆగిపోయింది.

"ఏందక్కా, ఇంక సంచే కాలేదా? అవతల డోలు కాస్తున్నరు. పెద్దులు బావ కేకలేస్తుండు."

"అయితది తియ్యే. దౌడ గుంజుతాంది రాత్రి సంది. పన్ను పుచ్చిందో ఏమో."

"ఏ దిక్కు?"

"రెండు దిక్కులూ గుంజుతాంది."

రెండు దిక్కులా ఒక్కసారే పుచ్చే పన్ను ఎక్కడుంటుంది? రామమ్మ పల్లీల మూట కింద పెట్టడం మరిచిపోయింది. ఆరేండ్ల కింద నకిరేకల్‌లో ఆమె అక్క సావిత్రమ్మ కూడా దౌడ గుంజుతోందనే మొదలుపెట్టింది. తర్వాత వీపంది, కడుపులో మంటంది. బొడ్డు జరిగిందని మంత్రసాని నూనె పోసి పొద్దంతా కడుపు తోమింది. జరిగిన బొడ్డు జాగాకు వచ్చిందని మంత్రసాని చేతులు కడుక్కుంటూ ఉండగానే సావిత్రమ్మ పోయింది. అంతా అయిపోయాక, అదే వాడలో ఉండే ముసలి కంపౌండరు వచ్చి, రామమ్మను పక్కకు పిలిచి ఒక్కొక్కటే అడిగాడు. దవడ లాగిందా? లాగింది. రెక్కల నడుమ బండ పెట్టినట్టుందన్నదా? అన్నది. కడుపులో తిప్పిందా? తిప్పింది. చెమట పట్టిందా? పట్టింది. ఆ చెమట వేడిగా ఉండెనా, చల్లగా ఉండెనా? చల్లగా. కంపౌండరు తల వంచుకుని, "అది గుండెనమ్మా. బొడ్డు కాదు," అన్నాడు.

ఆనాటి నుంచి ఆ ప్రశ్నలు రామమ్మ నోట్లో పాఠంలా ఆడుతూనే ఉన్నాయి. తనంతట తాను అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినట్టే వాటినీ వల్లెవేసింది. ఎవరికి ఏ నొప్పి వచ్చినా అడగకుండా ఉండలేదు. పోయిన చలికాలం లీలమ్మ కడుపు పట్టుకుని మెలికలు తిరిగితే, గుండె గుండె అని అరిచి, అప్పటికప్పుడు కచ్చరానికి ఎడ్లను కట్టించింది. నార్కట్‌పల్లి చేరేలోగా లీలమ్మ ఊరు దద్దరిల్లేటట్టు ఒక తేన్పు తేన్చి లేచి కూచుంది. తిన్నది గంపెడు అనపకాయలు. ఆ రోజు నుంచి ఊళ్లో రామమ్మ పేరు గుండె రామమ్మ.

అందుకే ఇప్పుడు అడగడానికి నోరు రావడం లేదు. అడగకుండా కాలూ నిలవడం లేదు. ఇంట్లోకి వచ్చి, వాకిట్లోకి పోయి, మళ్లీ ఇంట్లోకి వచ్చింది.

"అక్కా, ఈపు గిట్ల బరువున్నదా?"

"ఎందుకుండది? నిన్న రెండు బస్తాల జొన్నలు నేనే దించిన."

"కడుపు?"

"ఒక్కపొద్దున్న గదనే. నిన్నటి సంది నీళ్లు తప్ప లేవు. మండకేం జేస్తది?" భద్రమ్మ నవ్వబోయి, నవ్వు సగంలో ఆపి కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంకా ఎండ ఎక్కలేదు. వాకిట్లో గాలి చల్లగా వీస్తోంది. అయినా ఆమె రవిక వీపంతా తడిసి ఒంటికి అంటుకుని ఉంది.

"గీ సలిల సెమటేందక్కా?"

"మొదలువెట్టినవా? కుక్క మొరిగితే పీనుగ లేస్తదంటవు, కాకి అరిస్తే కబురొస్తదంటవు. మంద కదిలే పొద్దు ఇది. నీ గుండె ముచ్చట్లు ఇయ్యాల తియ్యకు. ఎల్లమ్మ తల్లి వచ్చే యాళ్ల, నేను రోగమన్నా మూలిగినా మందకు మంచిది కాదు." సంచి మూతి బిగించి లేవబోయింది. లేవలేక గడప పట్టుకుంది. "ఆ సంచి జర నువ్వే పట్టు."

గొల్లవాడలో ఆ మాట అందరికీ తెలిసిందే. మంద కదిలే రోజు దొడ్డిలో భద్రమ్మ మీదికి ఎల్లమ్మ వస్తుంది. వచ్చి, పోండని వాక్కు ఇస్తుంది. అప్పుడు దొడ్డి గడపలో రోకలి అడ్డం పెట్టి, దాని మీదుగా గొర్లను దాటిస్తారు. వాక్కు లేకుండా ఆ మంద ఎన్నడూ రోకలి దాటలేదు. ఊళ్లో మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని భద్రమ్మకు ఆ ఒక్క పొద్దు పెద్దులు కూడా వంగి దండం పెడతాడు. అది రామమ్మకూ తెలుసు. ఆ గౌరవం కోసం భద్రమ్మ ఏడాదంతా ఎదురుచూస్తుందని ఇంకా బాగా తెలుసు.

దొడ్డిలో గొర్లు ఒకదాని మీద ఒకటి తోసుకుంటున్నాయి. భద్రమ్మ తల మీద పసుపునీళ్లు పోశారు, రెండు చేతులకూ వేపమండలు ఇచ్చారు, కాళ్ల ముందర ఊదు పొగ వేశారు. ఐలేశం నొసట పసుపు బండారు పెట్టుకుని చేతులు జోడించాడు. డోలు మోగింది.

రామమ్మ సంచి ఎదకు అదుముకుని దడి అవతల నిలబడింది. తల్లి పూనినప్పుడు ఆ ఒంటిని ఎవరూ తాకకూడదు. అందులోనూ ఆమె కాపుల ఇంటిది, దొడ్డిలో అడుగు పెట్టవలసిన మనిషి కాదు.

మొదటి దరువు. భద్రమ్మ కదల్లేదు. రెండో దరువు. మూడో దరువుకు ఏటా ఆమె జుట్టు విప్పుకుని, డోలును మించి ఒక కేక పెట్టి, మట్టి లేచేటట్టు ఎగురుతుంది. ఆవేళ కేక రాలేదు. మూలుగు వచ్చింది. వేపమండలు చేతుల్లోంచి జారి పడ్డాయి. ఎడమ చెయ్యి కడుపు పైభాగాన్ని పట్టుకుంది. మనిషి ముందుకు వంగి, పసరులాంటి నీళ్లు కక్కింది.

"వచ్చింది! తల్లి వచ్చింది!" అన్నారెవరో.

"గిట్లెందుకొచ్చింది? అలిగినట్టున్నది," అన్నాడు పెద్దులు. మొహం పాలిపోయింది. "కొట్టురా, ఇంకా గట్టిగ కొట్టు. అమ్మా, ఏం తక్కువ జేసినమో చెప్పు. తప్పయితే ఒప్పుకుంటం."

డోలు రెచ్చిపోయింది. భద్రమ్మ మోకాళ్లు మడత పడుతున్నాయి. పూనిన ఒళ్లు నేలకు ఒరగకూడదని, రెండు చేతికర్రలు ఆమె చంకల కింద పెట్టి, ఒంటికి చెయ్యి తగలకుండా ఇద్దరు మనుషులు నిలబెట్టారు. పొగ మరింత వేశారు. ఆమె నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది.

నిజంగా తల్లే అయితే? లీలమ్మ తేన్పు గుర్తుకు వచ్చింది. నలుగురిలో మళ్లీ నగుబాటు అయితే ఇల్లు వదిలి పోవాల్సిందే. కానీ ఏటా పూనకం దిగిపోయిన తర్వాత భద్రమ్మను ఇంటికి తెచ్చి, ఒళ్లు తుడిచి, మంచమ్మీద వేసేది రామమ్మే. అప్పుడు ఆ ఒళ్లు రొట్టెలు కాల్చే పెనంలా ఉంటుంది. తడిబట్ట వేస్తే నిమిషంలో ఆరిపోతుంది. ఇప్పుడా మొహం చూస్తే బూడిద రంగు. పెదవులు నల్లబడ్డాయి. పసుపునీళ్లు కారిపోయిన చోట కూడా కొత్త చెమట బొట్లు బొట్లుగా పుట్టుకొస్తోంది.

దడి ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియదు. గొర్లను మోకాళ్లతో తోసుకుంటూ వచ్చేసింది.

"డోలు ఆపుండ్రి! ఎల్లమ్మ గాదు. అక్క పానం బోతాంది!"

డోలు ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకుంది. పెద్దులు కర్ర ఎత్తాడు.

"ఏయ్ గుండె రామమ్మా! కాపుదానివి, మా తల్లి సంగతి నీకేం ఎరుక? అవుతలికి నడువు. అనపకాయలు తిన్నోళ్లు లేరిక్కడ."

ఎవరో కిసుక్కున నవ్వారు. రామమ్మ మాట మాత్రం ఆగలేదు.

"నవ్వుండ్రి. నన్ను ఊరంత తిప్పుకుంట నవ్వుండ్రి. గని రాత్రి సంది దౌడ గుంజుతాందంటాంది, ఈపు బరువంటాంది, కడుపు మండుతాందంటాంది. సంచి లేపలేకపోయింది. మా అక్క గిట్లనే పోయింది పెద్దబావా. ఎల్లమ్మ వస్తే ఒళ్లు కాలుతది, సల్లబడది!"

"ఆమె ఒంటికి సెయ్యి తాకిచ్చినవంటే..."

"నేను ముట్ట. నేను ముట్టనే ముట్ట." ఆమె ఐలేశం వైపు తిరిగింది. "బావా, నువ్వు ముట్టు. భక్తునివే గద? ఎల్లమ్మ కాళ్లకు మొక్కుడు తప్పా? మొక్కు. కాళ్లు పట్టుకుని మొక్కు. అవి కాలుతుంటే నన్ను గీ కర్రతోనే కొట్టుండ్రి."

ఐలేశం మాట తక్కువ మనిషి. అన్న మొహం చూశాడు, భార్య మొహం చూశాడు. వంగి, రెండు చేతులతో ఆమె పాదాలు పట్టుకున్నాడు. పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. లేచేసరికి అతని నొసటి బండారు చెమటకు కారుతోంది.

"అన్నా, డోలు ఆపు," అన్నాడు. "బాయిల నీళ్ల లెక్క ఉన్నయ్."

డోలు ఆగింది. గొర్ల అరుపులు ఒక్కసారిగా పెద్దవయ్యాయి.

తర్వాత రామమ్మ నోటికి పగ్గం లేదు. నిలబెట్టొద్దు, నడిపించొద్దు, వెల్లకిలా పండబెట్టొద్దు. ఒరిగి కూచున్నట్టు ఉంచండి. రవిక ముడి విప్పండి, పొగ ఆర్పండి. ఒకాయన కల్లు బుడ్డి పట్టుకు వస్తే ఆమె చూసిన చూపుకు అది అక్కడే దించాడు. కచ్చరం కట్టేదాకా ఆగేటట్టు లేదు. ఐలేశం తన గొంగడి పరిచాడు. ఏటి ఒడ్డున కాలు విరిగిన గొర్రెను మోసుకొచ్చినట్టే, గొంగడి అంచుల్లో రెండు చేతికర్రలు చుట్టి నలుగురు ఎత్తారు. తల కింద సంచి పెట్టారు.

"నేను నడుస్త," అంది భద్రమ్మ, వినీవినపడకుండా. "అందరు సూస్తున్నరు."

"సూడనియ్యి. నడిస్తే నీ కాళ్లు ఇరగ్గొడ్త."

"వాక్కు... మందకు వాక్కు..."

"మంద యాడికి పోదు. నువ్వు మాట్లాడకు. ఊపిరి దిక్కే సూడు."

డాంబరు రోడ్డు అక్కడికి మైలు. గట్లు, రాళ్లు, ఎండిన వాగు. రామమ్మ పక్కన పరుగులాంటి నడకతో పోతూ, నిమిషానికొకసారి భద్రమ్మ చెయ్యి పట్టి చూసింది. ఒకసారి ఉందనిపించింది, ఒకసారి లేదనిపించింది. వెనక దొడ్డిలో గొర్ల అరుపు వినపడుతూనే ఉంది. ఐలేశం ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు.

రోడ్డు మీద మొదటి లారీ ఆగలేదు. రెండోది దుమ్ము కొట్టి పోయింది. మూడోది కనపడగానే రామమ్మ నడి రోడ్డు మీదికి పోయి, రెండు చేతులూ చాపి నిలబడింది. లారీ కీచుమంటూ ఆగింది. ఉల్లిగడ్డ బస్తాల లోడు. డ్రైవరు ఏసోబు తల బయటికి పెట్టి తిట్టబోయి, గొంగడిలో ఉన్న మనిషిని చూసి ఆగాడు.

"అవ్వా, సావాల్నంటే యాడన్న బాయి సూసుకో. నా లారీయే దొరికిందా?"

"నల్గొండ దవాఖానకు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత. గుండె నొప్పి."

"నేను పోయేది పట్నం. సరే, నార్కట్‌పల్లి కాడ మలుపుత. ఎక్కుండ్రి, ఎక్కుండ్రి." బస్తాలు సర్ది, వాలుగా జాగా చేశాడు. "నా లారీల ఇప్పటిదాక ఉల్లిగడ్డలే మురిగినయ్, మనిషెవరు పోలే. పోనియ్య గూడ పోనియ్య. గట్టిగ పట్టుకోండ్రి."

దారి పొడుగునా హారను మోగుతూనే ఉంది. భద్రమ్మ తల రామమ్మ ఒడిలో ఉంది. కండ్లు మూతపడితే రామమ్మ గుండె ఆగుతోంది, తెరుచుకుంటే కొట్టుకుంటోంది. ఉల్లిగడ్డ ఘాటుకు ఐలేశం కండ్ల వెంబడి నీళ్లు కారాయి. ఘాటుకేనో కాదో ఎవరూ అడగలేదు.

దవాఖానలో బోర్డులన్నీ రామమ్మే చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఆడవాళ్ల వార్డు ఎటో కనిపెట్టి, ముందు నడిచింది. డాక్టరు ఆంధ్ర వైపు నుంచి వచ్చినవాడు. గొట్టం పెట్టి చూశాడు, సూదులు వేశాడు, ముక్కు దగ్గర గాలి గొట్టం పెట్టించాడు. చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"గుండెపోటు. దీన్ని గుండె అని ఎవరు పోల్చారు?"

తిడతాడేమోనని రామమ్మ స్తంభం చాటుకు జరిగింది. ఐలేశం వేలుతో చూపించాడు.

"సెమట సల్లగుండె సారూ," అంది ఆమె గొణుగుతూ. "దౌడ గుంజుతాందన్నది."

"మంచి పని చేశారమ్మా. నడిపించకుండా తేవడం ఇంకా మంచి పని. మగవాడికి వస్తే రొమ్ము పట్టుకుని కూలబడతాడు, ఊరంతా పరిగెత్తుకొస్తుంది. ఆడవాళ్లు చాలామంది దవడంటారు, వీపంటారు, కడుపులో తిప్పుతోందంటారు. నాలుగు రోజుల నుంచి ఒకటే నీరసమంటారు. పనిమాత్రం మానరు. మేం చూసేసరికి చల్లబడిపోయి ఉంటారు." ఆయన వార్డులోకి తిరిగాడు. "ఇంకా గట్టెక్కలేదు. మూడు వారాలు మంచం దిగనివ్వకండి."

ఆ మూడు వారాలు రామమ్మ ఒకచోట కూర్చున్నది లేదు. మంచం చుట్టూ తిరిగేది, వరండాలోకి పోయేది, వచ్చి పాదాలు పట్టి చూసేది. నాలుగో రోజు పాదాలకు వేడి తగిలింది. భద్రమ్మ కండ్లు తెరిచి, "ఏందే, ఎల్లమ్మకు మొక్కుతున్నవా?" అంది. రామమ్మ అక్కడే కింద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

అటు పెద్దులు డోలు ఆగిన రోజే మందను తోలుకుని పోయాడు, వాక్కు లేకుండానే. ఆ ఏడు కృష్ణ ఒడ్డున నాలుగు గొర్లు తప్పిపోయాయి, పదహారు పిల్లలు పుట్టాయి. తొలకరికి అందరూ తిరిగి వచ్చారు. పెద్దులు నేరుగా ఐలేశం వాకిట్లోకి వచ్చి, మంచం మీద కూర్చుని జొన్నలు ఏరుతున్న భద్రమ్మను చూసి, ఒక పాల చెంబు పెట్టి పోయాడు. ఇంకో చెంబు రామమ్మ ఇంటి ముందర పెట్టించాడు.

మరుసటి ఏడు మంద కదిలే పొద్దు, భద్రమ్మ తానే వెళ్లి దొడ్డిలో నిలబడింది. ఎగరొద్దని డాక్టరు చెప్పాడని రామమ్మ రాత్రి నుంచి పోరుతూనే ఉంది. ఎగిరేది నేను కాదు గదా అన్నది భద్రమ్మ. పసుపునీళ్లు పోశారు. వేపమండలు ఇచ్చారు. దడి అవతల నుంచి రామమ్మ ఆమె మొహం చూడకుండా పాదాలే చూస్తోంది.

మొదటి దరువు. రెండోది. మూడోది. తల్లి రాకుండా నాలుగో దరువు ఎన్నడూ వేసి ఎరగని డోలు మనిషి పెద్దులు మొహం చూసి నాలుగోదీ వేశాడు, అయిదోదీ వేశాడు. భద్రమ్మ కండ్లు మూసుకుని, తడి బట్టలతో, ఎవరి కోసమో తలుపు దగ్గర నిలబడ్డ మనిషిలా నిలబడి ఉంది. చాలాసేపటికి కండ్లు తెరిచింది. వేపమండలు మెల్లగా నేల మీద పెట్టింది.

"పో బావా, మందను తోలుకపో," అంది మామూలు గొంతుతో. "పొద్దెక్కుతాంది."

పెద్దులు దండం పెట్టబోయి, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కర్ర అందుకున్నాడు. గొర్లు రోకలి దాటాయి.

ఇంటికి పోయే దారిలో రామమ్మకు ఉండబట్టలేదు.

"అక్కా, నా మీద కోపమున్నదా?"

"ఎందుకే?"

"నేను ఆనాడు గట్ల అరవకపోతే..."

"అరవకపోతే నన్ను పాతిపెట్టి ఏడాదయిపోవు." భద్రమ్మ తడి జుట్టు పిండుకుంది. "నీకు జడిసే రాలేదే ఎల్లమ్మ తల్లి. వస్తే యాడ దౌడ గుంజుతాందా అని అడుగుతవో, యాడ లారీ ఎక్కిస్తవో అని."

ఇద్దరూ నవ్వారు. భద్రమ్మ నవ్వు ముందు ఆగింది.

భద్రమ్మ ఇంకా ఏడేండ్లు బతికింది. వడ్లు దంచలేదు, బస్తాలు దించలేదు. దౌడో వీపో నొప్పి అంటూ వచ్చిన ఆడవాళ్లను కూర్చోబెట్టి, చెమట చల్లగా ఉందా వేడిగా ఉందా అని తానే అడిగేది. ఏటా ఉగాది దాటిన రెండో ఆదివారం స్నానం చేసి దొడ్డికి పోయి నిలబడేది. ఎల్లమ్మ మళ్లీ ఆమె మీదికి రాలేదు. చివరిసారి వచ్చింది గుండెపోటుకు ముందటి ఏడు, పంతొమ్మిది వందల అరవైలో, ఉగాది దాటిన రెండో ఆదివారం, పొద్దు పొడిచే వేళకు.